పాల బిల్లులో డిఫాల్ట్ విలువలు: ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

పాల సేకరణ కేంద్రాల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ రాయడం నా వృత్తి. సర్వర్ మీద పైథాన్, కేంద్రంలోని కంప్యూటర్‌లో సీ షార్ప్, రైతులు ఫోనులో చూసుకునే పేజీలో జావాస్క్రిప్ట్ నడుస్తాయి. మూడు భాషల్లోనూ డిఫాల్ట్ పారామీటర్లు ఉన్నాయి: ఫంక్షన్‌కు (పేరు పెట్టుకున్న చిన్న కోడ్ ముక్కకు) పంపే విలువల్లో, అంటే పారామీటర్లలో, ఏదైనా చెప్పకపోతే ముందే రాసి ఉంచిన విలువను అది తీసుకుంటుంది. చూడటానికి మూడూ ఒకలాగే ఉంటాయి, పనిచేసే తీరు మాత్రం మూడింటిలో మూడు రకాలు. మా బృందంలో కొత్తగా చేరినవారికి ఈ సంగతి మొదటి వారంలోనే చెబుతాను. ఎందుకంటే తప్పుడు డిఫాల్ట్ వల్ల ప్రోగ్రామ్ ఆగిపోదు, ఎక్కడా ఎర్రర్ కనిపించదు. లెక్క మాత్రం తప్పుతుంది. ఆ తప్పు ఎవరో ఒక రైతు 15 రోజుల బిల్లులో బయటపడుతుంది, లేదా ఎప్పటికీ బయటపడదు.

గేదె పాలకు ధర కట్టే చిన్న ఫంక్షన్‌తో మొదలుపెడదాం.

డెఫ్ పాల_ధర(కిలోలు, వెన్న, రేటు, బోనస్=0):
    రిటర్న్ కిలోలు * వెన్న / 100 * రేటు + కిలోలు * బోనస్

వెన్న అంటే శాతం. రేటు అంటే కిలో వెన్నకు ఇచ్చే డబ్బు. బోనస్ అంటే కిలో పాలకు అదనంగా ఇచ్చే రూపాయలు. పాల_ధర(10, 7, 800) అని కాల్ చేస్తే, అంటే ఈ విలువలతో ఆ ఫంక్షన్‌ను నడిపితే, 10 కిలోల పాలలో 7 శాతం వెన్న, అంటే 0.7 కిలో, దానికి 560 రూపాయలు. బోనస్ గురించి ఏమీ చెప్పలేదు కాబట్టి సున్నా తీసుకుంది. పాల_ధర(10, 7, 800, 2) అంటే 580 వస్తుంది. పారామీటర్ పక్కన సమానం గుర్తు పెట్టి ఒక విలువ రాయడమే డిఫాల్ట్ ఇవ్వడం. (అసలు బిల్లులో డబ్బు లెక్కకు డెసిమల్ రకం వాడండి. ఇక్కడ విషయం అది కాదు కాబట్టి మామూలు సంఖ్యలతో సరిపెడుతున్నాను.)

ఈ ఉదాహరణలను మీ ఎడిటర్‌లో రాసేటప్పుడు డెఫ్, రిటర్న్, నన్ వంటి భాష సొంత పదాలను, లైబ్రరీ పేర్లను ఆంగ్ల లిపిలోనే టైప్ చేయాలి. మనం పెట్టుకునే పేర్లు తెలుగులో ఉన్నా పైథాన్ 3 ఒప్పుకుంటుంది. ఒక్క జాగ్రత్త: కొన్ని కీబోర్డులు పొల్లు అక్షరం తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తును చేరుస్తాయి. పేరులో అది ఉంటే పైథాన్ అంగీకరించదు.

డిఫాల్ట్ ఉన్న పారామీటర్లు వరుసలో చివర ఉండాలి. బోనస్=0 తర్వాత డిఫాల్ట్ లేని రేటు రాస్తే పైథాన్ ఆ ఫైలును నడపనే నడపదు. సీ షార్ప్ కూడా అంతే. అయితే చివర ఇలాంటివి రెండు మూడు చేరగానే మరో చిక్కు వస్తుంది. బోనస్ తర్వాత రవాణా_కోత=0 చేర్చామనుకోండి. పాల_ధర(10, 7, 800, 0, 5) అన్న వరుస చూసినవారికి ఆ 5 బోనసో కోతో తెలియదు. అందుకని పైథాన్‌లో నేను మధ్యలో ఒక నక్షత్రం గుర్తు పెడతాను:

డెఫ్ పాల_ధర(కిలోలు, వెన్న, రేటు, *, బోనస్=0, రవాణా_కోత=0):

నక్షత్రం తర్వాత ఉన్నవాటిని పేరు చెప్పే పంపాలి: పాల_ధర(10, 7, 800, రవాణా_కోత=5). మధ్యలో ఉన్న బోనస్‌కు సున్నా రాయాల్సిన అవసరం కూడా లేదు. అవును, కాదు అని చెప్పే పారామీటర్లకైతే ఇది తప్పనిసరి చేసుకోండి. రసీదు(రైతు, 560, ట్రూ, ఫాల్స్) అని ఉన్న వరుసను ఆరు నెలల తర్వాత మీరే చదివినా అర్థం కాదు.

ఇక అసలు ప్రశ్న: దేనికి డిఫాల్ట్ ఇవ్వాలి? నేను ప్రతి పారామీటర్‌నూ ఒకే మాట అడుగుతాను. కాల్ చేసినవారు ఈ విలువ చెప్పలేదంటే, దానికి అర్థం ఏమిటి? బోనస్ చెప్పలేదంటే బోనస్ లేదని అర్థం. సున్నా అక్కడ నిజం. రసీదు ఎన్ని కాపీలో చెప్పలేదంటే ఒకటి చాలని అర్థం. వెన్న శాతం చెప్పలేదంటే? కొలవలేదని అర్థం. కొలవని దానికి ఏ సంఖ్య పెట్టినా అది కల్పించినదే.

అయినా వెన్న=6 అని రాసి ఉన్న ఫంక్షన్లు నాకు పరిశీలనకు వస్తూనే ఉంటాయి. గేదె పాలలో మామూలుగా ఆ చుట్టుపక్కలే ఉంటుంది కదా అని రాసినవారి వాదన. ఆ మాట నిజమే కావడం వల్లే ప్రమాదం ఎక్కువ. కొలిచే యంత్రానికీ కంప్యూటర్‌కూ మధ్య కేబుల్ వదులైంది, వెన్న విలువ రాలేదు, ఫంక్షన్ 6 తీసుకుంది. నిజంగా 7 శాతం ఉన్న 10 కిలోల పాలకు 560 రావలసిన రైతుకు 480 వస్తుంది. ఆ పక్కన 5.5 శాతం పాలు పోసిన రైతుకు 440 బదులు అదే 480 వస్తుంది, డెయిరీ 40 రూపాయలు నష్టపోతుంది. 480 అన్న సంఖ్య చూసి ఎవరికీ అనుమానం రాదు. డిఫాల్ట్ లేకపోతే పైథాన్ అక్కడికక్కడే టైప్‌ఎర్రర్ ఇస్తుంది, కేంద్రంలో ఉన్నవారు పాలను మళ్లీ కొలుస్తారు. నమ్మదగినట్టు కనిపించే డిఫాల్ట్ కంటే ఆగిపోయే ప్రోగ్రామ్ వెయ్యి రెట్లు మేలు.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. తెర మీద పాల రకం దగ్గర గేదె అని ముందే ఎంచి ఉంచడం మంచి సౌకర్యమే. పాలు పోయించుకునే మనిషి దాన్ని చూస్తాడు, ఆవు పాలైతే మారుస్తాడు. ఫంక్షన్ లోపలి డిఫాల్ట్‌ను చూసే మనిషి ఉండడు. కాబట్టి తెర మీద ముందే ఎంచిన విలువ ఉన్నా, దాన్ని ఫంక్షన్‌కు స్పష్టంగా పంపించండి. రెండు చోట్లా డిఫాల్ట్ పెట్టకండి.

వెనక్కి తీసుకోలేని పనులకు డిఫాల్ట్ ఎప్పుడూ హాని చేయని వైపే ఉండాలి. పాత నమోదులను తుడిచే ఫంక్షన్‌లో నిజంగా_తొలగించు=ఫాల్స్ అని ఉండాలి. ఏమీ చెప్పకుండా కాల్ చేస్తే ఏవి తొలగిపోతాయో జాబితా చూపించి ఊరుకోవాలి.

ఇప్పుడు పైథాన్. ఈ భాషలో డిఫాల్ట్ విలువను ఫంక్షన్ తయారయ్యేటప్పుడు ఒక్కసారే లెక్కిస్తారు, కాల్ చేసిన ప్రతిసారీ కాదు. ఇది తెలియకపోతే ఈ కింది వరుసలో తప్పేమిటో కనిపించదు (డేట్.టుడే() ఈరోజు తేదీ ఇస్తుంది):

డెఫ్ రసీదు(రైతు, మొత్తం, తేదీ=డేట్.టుడే()):

సర్వర్ సోమవారం మొదలైందనుకుందాం. పైథాన్ ఆ ఫైలును చదివినప్పుడే డేట్.టుడే() నడిచి సోమవారం తేదీ అక్కడ స్థిరపడిపోతుంది. మంగళవారం ఉదయం పాలకు, గురువారం సాయంత్రం పాలకు కూడా రసీదు మీద సోమవారమే పడుతుంది. రాసేవారి దగ్గర ఇది బయటపడదు, ఎందుకంటే ప్రోగ్రామ్ రాస్తున్నంతసేపూ దాన్ని ఆపుతూ మళ్లీ నడుపుతూ ఉంటాం. రోజుల తరబడి ఆగకుండా నడిచే సర్వర్‌లోనే తెలుస్తుంది. సరైన పద్ధతి ఇది (నన్ అంటే విలువ ఏమీ లేదని చెప్పే పైథాన్ పదం):

డెఫ్ రసీదు(రైతు, మొత్తం, తేదీ=నన్):
    ఇఫ్ తేదీ ఈజ్ నన్:
        తేదీ = డేట్.టుడే()

జాబితాల దగ్గర ఇదే సంగతి ఇంకా బాధ పెడుతుంది. రైతుకు అప్పుగా ఇచ్చిన దాణా డబ్బును పాల బిల్లులో కోసే పద్ధతి చాలా చోట్ల ఉంది. ఆ కోతలను పోగుచేసే ఫంక్షన్ ఇలా ఉందనుకోండి:

డెఫ్ కోత_చేర్చు(కోత, జాబితా=[]):
    జాబితా.అపెండ్(కోత)
    రిటర్న్ జాబితా

మొదటి రైతుకు కోత_చేర్చు(300) అని కాల్ చేస్తే 300 ఉన్న జాబితా వస్తుంది. రెండో రైతుకు కోత_చేర్చు(150) అంటే 300, 150 రెండూ ఉన్న జాబితా వస్తుంది. ఖాళీ జాబితా ఒక్కటే తయారైంది, అందరూ దాంట్లోకే చేరుస్తున్నారు. ఒకరి దాణా అప్పు మరొకరి బిల్లులో పడింది. మందు పాతదే: జాబితా=నన్ అని రాసి, లోపల నన్ అయితే కొత్త ఖాళీ జాబితా తయారుచేయాలి. సంఖ్యలు, పదాలు, ట్రూ, ఫాల్స్ వంటి మారని విలువలకు ఈ భయం లేదు. జాబితాలు, డిక్షనరీలు, సెట్‌ల విషయంలోనే జాగ్రత్త.

లోపల సరిచూసేటప్పుడు తొందరపడి బోనస్ = బోనస్ ఆర్ 2 అని రాసేవారున్నారు. ఎవరైనా కావాలనే సున్నా పంపితే పైథాన్ దాన్ని ఖాళీ కింద లెక్కగట్టి 2 తీసుకుంటుంది. బోనస్ వద్దన్న చోట బోనస్ పడుతుంది. ఈజ్ నన్ అని పూర్తిగా రాయండి, అక్కడ మిగిలే సమయం ఏమీ లేదు.

నన్ అన్నదానికే సొంత అర్థం ఉన్న చోట ఇంకో ఉపాయం కావాలి. రైతు వివరాలు మార్చే ఫంక్షన్‌లో ఫోను=నన్ అంటే నంబరు తీసేయమనా, దాని జోలికి పోవద్దనా? రెండూ నిజమైన అవసరాలే. అప్పుడు ఫైలు పైభాగంలో _చెప్పలేదు = ఆబ్జెక్ట్() అని ఒక ప్రత్యేక వస్తువు తయారుచేసి, ఫోను=_చెప్పలేదు అని డిఫాల్ట్ ఇవ్వండి. లోపల ఫోను ఈజ్ _చెప్పలేదు అయితే పాత నంబరును అలాగే ఉంచాలి, నన్ వస్తే తీసేయాలి.

డేటాక్లాస్ (వివరాలను ఒకచోట పెట్టే పైథాన్ నిర్మాణం) వాడేవారికి భాషే కాపలా కాస్తుంది. అక్కడ ఖాళీ జాబితాను డిఫాల్ట్‌గా రాస్తే వెంటనే వాల్యూఎర్రర్ వస్తుంది, ప్రతిసారీ కొత్త జాబితా తయారుచేసే డిఫాల్ట్_ఫ్యాక్టరీ వాడమని చెబుతుంది. మామూలు ఫంక్షన్లకు ఆ కాపలా లేదు కాబట్టి రఫ్ అనే తనిఖీ పరికరాన్ని పెట్టుకోండి. దాని సెట్టింగుల్లో బి వర్గాన్ని చేర్చితే బి006 నియమం జాబితా డిఫాల్ట్‌లను, బి008 నియమం డేట్.టుడే() లాంటి కాల్స్‌ను పట్టిస్తుంది. పైలింట్ అనే మరో పరికరంలోనూ జాబితా డిఫాల్ట్‌లను చూపే హెచ్చరిక ఉంది.

జావాస్క్రిప్ట్‌లోకి డిఫాల్ట్ పారామీటర్లు 2015 ప్రమాణంతో వచ్చాయి. అక్కడ డిఫాల్ట్‌ను ప్రతి కాల్‌కూ కొత్తగా లెక్కిస్తారు, కాబట్టి తేదీ, జాబితా సమస్యలు రెండూ లేవు. ముందున్న పారామీటర్‌ను వెనకున్న దాని డిఫాల్ట్‌లో వాడుకోవచ్చు కూడా. చిక్కు మరో చోట ఉంది. విలువ అన్‌డిఫైన్డ్, అంటే అసలు ఇవ్వనిది, అయినప్పుడే డిఫాల్ట్ పనిచేస్తుంది. విలువ లేదని కావాలనే చెప్పే నల్ వస్తే పనిచేయదు. ఖాళీ పదం వచ్చినా పనిచేయదు.

ఇది పుస్తకంలో చదివి వదిలేసే వివరం కాదు. సర్వర్ నుంచి పేజీకి సమాచారం జేసన్ అనే పాఠ రూపంలో వస్తుంది, జేసన్‌లో అన్‌డిఫైన్డ్ అనేదే లేదు. పైథాన్‌లోని నన్ అక్కడ నల్‌గా మారి వస్తుంది. పేజీలో ఫంక్షన్ రేటు=800 అని డిఫాల్ట్ పెట్టుకుని నిశ్చింతగా ఉంటుంది, నల్ వచ్చి దాన్ని దాటుకుని లోపలికి పోతుంది. జావాస్క్రిప్ట్ గుణకారంలో నల్ అంటే సున్నా. ఎర్రర్ ఉండదు, రైతు ఫోనులో పాల డబ్బు సున్నా అని కనిపిస్తుంది. అన్‌డిఫైన్డ్ అయినా నయం, లెక్కలో కలిస్తే సంఖ్య కాదని తేలే ఫలితం వచ్చి కంటికి కనిపిస్తుంది.

బయటి నుంచి వచ్చే విలువలకు పారామీటర్ డిఫాల్ట్ మీద ఆధారపడకుండా, లోపలికి రాగానే రెండు ప్రశ్నార్థకాల గుర్తుతో సరిచూడండి: బోనస్ ?? 0. ఇది నల్, అన్‌డిఫైన్డ్ రెండింటినీ పట్టుకుంటుంది, అసలైన సున్నాను అలాగే వదులుతుంది. 2020 ప్రమాణం నుంచి ఇది భాషలో ఉంది. పాత కోడ్‌లో కనిపించే రెండు నిలువు గీతల గుర్తు సున్నాను కూడా మింగేస్తుంది. ఇక రేటు విషయానికి వస్తే, దానికి డిఫాల్టే వద్దు. నల్ వస్తే పేజీలో రేటు అందలేదని చూపించడమే న్యాయం.

సీ షార్ప్‌లో ఈ సౌకర్యం 2010లో, 4.0 సంచికతో వచ్చింది. డిఫాల్ట్‌గా కంపైల్ చేసేటప్పుడే (రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేటప్పుడే) తెలిసే స్థిర విలువలే ఇవ్వాలి, ఈరోజు తేదీ లాంటివి కుదరవు. ఇంతవరకు మంచిదే. కానీ ఆ విలువ ఎక్కడ నిలుస్తుందో చాలామందికి తెలియదు. ఫంక్షన్‌లో కాదు, కాల్ చేసే చోట. కాల్ ఉన్న ప్రోగ్రామ్‌ను కంపైల్ చేసేటప్పుడు కంపైలర్ ఆ సంఖ్యను తీసుకెళ్లి కాల్ చేసే వరుసలోనే రాసేస్తుంది.

నెయ్యి అమ్మే కౌంటర్‌ను తీసుకోండి. పన్ను లెక్క ఇతర ప్రోగ్రామ్‌లు వాడుకునే ఒక డీఎల్ఎల్ ఫైలులో ఉంది, కౌంటర్ ప్రోగ్రామ్ నేరుగా నడిచే వేరే ఈఎక్స్ఈ ఫైలు. డీఎల్ఎల్‌లో బిల్లు(మొత్తం, జీఎస్టీ = 12) అని ఉంది. 2025 సెప్టెంబరు 22న నెయ్యి మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. డిఫాల్ట్‌ను 5 చేసి, డీఎల్ఎల్ ఒక్కటే కంపైల్ చేసి కౌంటర్ కంప్యూటర్‌లో పెడితే ఏమవుతుంది? ఏమీ మారదు. ఈఎక్స్ఈలో 12 ఎప్పుడో రాసి ఉంది, అది 12నే పంపుతుంది. పన్ను కలపక ముందు 1000 రూపాయలున్న నెయ్యికి 50 బదులు 120 రూపాయల పన్ను పడుతుంది. సోర్స్ కోడ్ తెరిచి చూసేవారికి 5 కనిపిస్తుంది కాబట్టి తప్పు ఎక్కడుందో వెతకడం మరీ కష్టం.

రెండూ మళ్లీ కంపైల్ చేస్తే ఆ రోజుకు గండం గడుస్తుంది. కానీ పన్ను రేటు డిఫాల్ట్‌గా ఉండదగినది కానే కాదు. సెప్టెంబరు 22కు ముందు 12 శాతంతో అమ్మిన డబ్బా తర్వాత తిరిగొస్తే, ఆ సర్దుబాటు పాత రేటుతోనే జరగాలి. అంటే రేటు తేదీని బట్టి మారేది. అమలు తేదీతో సహా పట్టికలో ఉంచి, అమ్మిన తేదీ ఇచ్చి అడగాలి. లైబ్రరీ బయటివారు వాడే మెథడ్‌లో (సీ షార్ప్‌లో ఫంక్షన్‌ను ఇలా అంటారు) రేటు చెప్పకపోయినా నడవాలి అనుకుంటే డిఫాల్ట్‌గా నల్ ఇవ్వండి, లోపల నల్ అయితే పట్టిక చూడండి. అప్పుడు కాల్ చేసే చోట నిలిచేది నల్ మాత్రమే, నిర్ణయం డీఎల్ఎల్‌లో ఉంటుంది. లేదా రేటు ఉన్నది, లేనిది అని ఒకే పేరుతో రెండు మెథడ్లు రాయండి. డిఫాల్ట్ పారామీటర్లే లేని జావాలో అందరూ చేసేది ఇదే.

సీ షార్ప్‌లో మరో సంగతి క్లుప్తంగా: మాతృ క్లాసులోని మెథడ్‌కు ఒక డిఫాల్ట్, దాన్ని తిరగరాసిన పిల్ల క్లాసులో వేరే డిఫాల్ట్ ఎప్పుడూ ఇవ్వకండి. వేరియబుల్‌ను ఏ రకంగా ప్రకటించారో ఆ క్లాసులోని డిఫాల్టే మెథడ్‌కు అందుతుంది, నడిచేది మాత్రం పిల్ల క్లాసు మెథడ్. సీ ప్లస్ ప్లస్‌లోనూ ఇంతే.

మనం రాసే డిఫాల్ట్‌లతో పాటు, మనం వాడే లైబ్రరీలలో ఇతరులు పెట్టినవి కూడా మన ప్రోగ్రామ్‌లో భాగమే. తెలుగులో పేర్లు, ఊళ్లు రాసుకునే మనకు రెండు ముఖ్యంగా తగులుతాయి. పైథాన్‌లో ఫైలు తెరిచే ఓపెన్ ఫంక్షన్‌కు ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో భద్రపరిచే పద్ధతి) చెప్పకపోతే అది ఆ కంప్యూటర్ అమరికను అనుసరిస్తుంది. విండోస్‌లో ఎక్కువగా అది తెలుగు రాయగల యూటీఎఫ్-8 పద్ధతి కాదు. లినక్స్ సర్వర్‌లో చక్కగా చదివిన రైతుల జాబితా కేంద్రం కంప్యూటర్‌లో పిచ్చి గుర్తులుగా మారుతుంది, లేదా చదవకుండానే ఆగిపోతుంది. 3.15 నుంచి యూటీఎఫ్-8నే డిఫాల్ట్ చేయాలని పైథాన్ నిర్ణయించింది. పాత సంచికలు మన కేంద్రాల్లో ఇంకా ఏళ్లపాటు ఉంటాయి కాబట్టి ఎన్‌కోడింగ్‌ను పేరు పెట్టి రాయడం మానకండి. రెండోది సమాచారాన్ని జేసన్‌గా మార్చే జేసన్.డంప్స్. దానిలో ఎన్ష్యూర్_ఆస్కీ డిఫాల్ట్ ట్రూ. తెలుగు అక్షరాలన్నీ వాలు గీత, యు, నాలుగు అంకెల కోడ్‌లుగా మారిపోతాయి. సమాచారం చెడిపోదు, తిరిగి చదివితే తెలుగే వస్తుంది, కానీ ఫైలు తెరిచి చూసిన మనిషికి ఒక్క పేరూ అర్థం కాదు. ఫాల్స్ అని ఇవ్వండి. బయటి సర్వర్లతో మాట్లాడటానికి రిక్వెస్ట్స్ లైబ్రరీ వాడితే టైమ్‌ఔట్ డిఫాల్ట్‌గా ఉండదని గుర్తుంచుకోండి. అవతలివైపు నుంచి జవాబు రాకపోతే మీ ప్రోగ్రామ్ ఎదురుచూస్తూనే ఉండిపోవచ్చు.

డిఫాల్ట్ పారామీటర్లు నిజంగా ఆదుకునేది పాత ఫంక్షన్‌కు కొత్త అవసరం చేర్చేటప్పుడు. పాల_ధర ఇరవై చోట్ల వాడుకలో ఉంది, ఒక్క చోట మాత్రమే రవాణా కోత కావాలి. రవాణా_కోత=0 చేరిస్తే మిగతా కాల్స్‌ను ముట్టుకోనక్కర్లేదు. షరతు ఒక్కటే: కొత్త డిఫాల్ట్‌తో ఫంక్షన్ అచ్చం నిన్నటిలాగే ప్రవర్తించాలి. పరీక్షలు కూడా ఆ ప్రకారమే రాయండి: విలువ చెప్పకుండా ఒకటి, చెప్పి ఒకటి, సున్నా పంపి ఒకటి. పైథాన్‌లో అయితే విలువ చెప్పకుండా వరుసగా రెండుసార్లు కాల్ చేసే పరీక్ష కూడా ఉండాలి. జాబితా కలిసిపోయే తప్పు అందులోనే దొరుకుతుంది.

ఉన్న డిఫాల్ట్‌ను మార్చడం మాత్రం చిన్న పని కాదు. వెన్న=6 లాంటిది వారసత్వంగా మీ చేతికొస్తే దాన్ని ఒక్క దెబ్బతో 6.5 చేయకండి. ముందు ఆ ఫంక్షన్ కాల్స్ అన్నీ వెతికి, వెన్న చెప్పనివి ఏవో పట్టుకోండి. కొలిచిన విలువ అందుబాటులో ఉన్న చోట దాన్ని పంపండి. లేని చోట పాలను నిలిపి మళ్లీ కొలవమని తెర మీద చెప్పించండి. ఈలోగా విలువ రాని ప్రతి కాల్‌నూ లాగ్ ఫైలులో నమోదు చేయించండి, కనీసం ఒక బిల్లు చక్రం పాటు, అంటే ఉదయం, సాయంత్రం పూటలు కలిపి 15 రోజులు. ఆ లాగ్ ఖాళీగా ఉన్నాక డిఫాల్ట్‌ను తీసేయండి. ఇంకా ఎక్కడైనా ఒక కాల్ మిగిలి ఉంటే, అది నడిచిన క్షణంలోనే పైథాన్ టైప్‌ఎర్రర్ ఇచ్చి ఫైలు పేరు, వరుస సంఖ్య, రాని పారామీటర్ పేరు మూడూ చూపిస్తుంది.